మాట అరిగితే విభక్తి

హిందీలో నే, కో, సే. తెలుగులో కు, తో, చేత. ఈ చిన్న ముక్కలు పేరుకు ముందు కాక వెనకే ఎందుకు నిలబడతాయి? అసలు ఎక్కణ్ణుంచి వచ్చాయి?

పాకాల–ధర్మవరం రైలు మార్గంలో కురబలకోట ఒక చిన్న స్టేషన్. పసుపు పలక మీద ఊరి పేరు మూడు లిపుల్లో ఉంటుంది. పలక మీద ఒంటరిగా ఉన్నంతసేపు ఆ పేరు ఏ భాషలోనైనా ఒకటే. చిక్కంతా దాన్ని వాక్యంలోకి దింపినప్పుడు మొదలవుతుంది.

తెలుగులో: ధర్మవరం నుంచి కురబలకోట దాకా.
హిందీలో: ధర్మవరం సే కురబలకోటా తక్.
ఇంగ్లీషులో: ఫ్రమ్ ధర్మవరం టు కురబలకోట.

మొదటి రెండూ ఒకే అచ్చులో పోసినట్టున్నాయి. 'నుంచి' ఉన్నచోట 'సే', 'దాకా' ఉన్నచోట 'తక్'. మూడోది తలకిందులు. అక్కడ చిన్న మాట ముందు నడుస్తుంది, ఊరి పేరు దాని వెనక వస్తుంది.

ఇందులో వింతేమిటంటే, చుట్టరికం చూస్తే హిందీ తెలుగు వైపుది కాదు, ఇంగ్లీషు వైపుది. హిందీ 'నామ్', ఇంగ్లీషు 'నేమ్' ఒక వంశంవి. 'దో', 'టూ' కూడా అంతే. తెలుగు 'పేరు', 'రెండు' ఆ ఇంటివి కావు. తెలుగు, తమిళం, కన్నడం సంస్కృతం నుంచి పుట్టినవి కావనీ, వాటిది వేరే కుటుంబమనీ ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ 1816లోనే చూపించాడు. ఆ వాదన అచ్చయింది కూడా ఒక తెలుగు వ్యాకరణంలోనే. ఏ.డి. క్యాంప్‌బెల్ రాసిన వ్యాకరణం పీఠికకు ఎల్లిస్ జోడించిన గమనిక అది. మరి రక్తసంబంధం ఇంగ్లీషుతో పెట్టుకుని, నడక మాత్రం తెలుగులా నడుస్తుందేమిటి హిందీ?

ఎనిమిది అరల బీరువా

బడిలో తెలుగు చదివినవాళ్ళకు ఈ చిన్న ముక్కలు 'డు ము వు లు' అన్న పాఠంగా గుర్తుంటాయి. డు, ము, వు, లు ప్రథమ. ని, ను, ల, కూర్చి, గురించి ద్వితీయ. చేత, చే, తోడ, తో తృతీయ. అర్థం తెలిసినా తెలియకపోయినా ఎక్కాల్లా అప్పజెప్పిన తరాలు ఎన్నో. పరవస్తు చిన్నయసూరి 1858లో ప్రకటించిన 'బాలవ్యాకరణం' తర్వాత ఈ పట్టిక తెలుగు బడుల్లో స్థిరపడిపోయింది.

ఈ పట్టిక సంస్కృతం కొలతలకు చేయించిన బీరువా. అందులో ఎనిమిది అరలున్నాయి కాబట్టి తెలుగు సరుకును ఎనిమిదింటిలోనూ సర్దాలి. అందుకే కొన్ని అరల్లో సరుకు కలగాపులగంగా కనబడుతుంది. రోజుకు వందసార్లు వాడే 'కు, కి' వెళ్ళి 'యొక్క' పక్కన షష్ఠిలో కూర్చున్నాయి. ఇవ్వడం, పంపడం లాంటి పనులకు పెట్టిన చతుర్థిలో మాత్రం 'కొఱకు, కై' మిగిలాయి. 'రాముడికి ఇచ్చాను' అన్న తెలుగు నోటికి ఈ సర్దుబాటుతో పనే లేదు.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. సంస్కృతంలో విభక్తి పేరులో కరిగిపోయి ఉంటుంది. 'రామేణ' అన్న మాటలోంచి రాముణ్ణి ఒకవైపు, విభక్తిని ఒకవైపు తీసి పెట్టాలంటే కత్తి ఎక్కడ పెట్టాలో తెలియదు. పాలలో చక్కెర లాంటి కలయిక అది. హిందీలో అలా కాదు. 'రామ్ సే' అన్నప్పుడు 'సే' విడిగా, రైలుకు తగిలించిన పెట్టెలా కనబడుతుంది. దీన్ని హిందీ వైయాకరణులు 'పరసర్గ' అంటారు. ముందు చేరేది ఉపసర్గ, వెనక చేరేది పరసర్గ. ప్ర, వి, సమ్ లాంటి ఉపసర్గలు తెలుగువాళ్ళకు తెలిసినవే. పరసర్గ వాటికి ఎదురు దిక్కున నిలబడేది.

ఈనాటి హిందీలో ఒంటి మాటగా ఉండే పరసర్గలు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని: నే, కో, సే, మేఁ, పర్, తక్, ఇంకా లింగవచనాలను బట్టి రూపం మార్చుకునే కా–కే–కీ. పాలలో చక్కెరగా ఉన్నది ఇలా విడి పెట్టెలుగా ఎప్పుడు మారింది?

వానకు చెరిగిన గుర్తులు

మదనపల్లె టమోటా మార్కెట్‌ను ఒక్కసారి ఊహించుకోండి. వందల క్రేట్లు వరసగా పేర్చి ఉన్నాయి. ఏ క్రేటు ఏ మండీదో తెలియడానికి ఒక్కోదాని మీద ఒక్కో రంగు గుర్తు. ఒక రాత్రి వాన కురిసింది, గుర్తులు సగం చెరిగిపోయాయి. తెల్లారేసరికి ఎరుపూ కాషాయమూ ఒకటిగానే కనబడుతున్నాయి. వ్యాపారం ఆగదు కదా. హమాలీలు ఏం చేస్తారు? చేతికందిన చీటీ ముక్కో, గుడ్డ పీలికో క్రేటుకు కట్టి గుర్తు పెట్టుకుంటారు.

ఉత్తర భారతపు భాషల్లో జరిగిందీ దాదాపు ఇదే. సంస్కృతంలో రామః, రామమ్, రామేణ, రామాయ, రామాత్, రామస్య, రామే అని, సంబోధన కాక, ఏడు రకాల కొసలు. మాటల కొసలు నోట్లో తొందరగా అరుగుతాయి, ఎందుకంటే అక్కడికి వచ్చేసరికి ఊపిరి తగ్గుతుంది, నొక్కి పలకడం తగ్గుతుంది. ప్రాకృతాల కాలానికి చతుర్థి వెళ్ళి షష్ఠిలో కలిసిపోయింది. అపభ్రంశాల కాలానికి ప్రథమ, ద్వితీయ రూపాలకు కూడా తేడా తెలియకుండా పోయింది. చివరికి మిగిలినవి ముఖ్యంగా రెండే రూపాలు. ఒకటి పేరు ఒంటరిగా ఉన్నప్పటిది. రెండోది వెనక ఇంకో మాట తగలబోతున్నప్పటిది.

అర్థం మాత్రం చెప్పక తప్పదు. కొట్టినవాడెవడు, దెబ్బ తిన్నవాడెవడు, ఎక్కడ, దేనితో అన్నది తెలియాలి. అందుకని మామూలు మాటల్నే చీటీల్లా తెచ్చి కట్టారు. 'ఇంటి నడుమ', 'చెట్టు పైభాగం', 'వాడి పక్క' అన్నట్టు. ఆ చీటీలు కూడా వాడగా వాడగా అరిగాయి. అలా అరిగి మిగిలిన ముక్కలే నేటి హిందీ పరసర్గలు.

[బాక్స్] హిందీ చీటీల పాత చిరునామాలు

మేఁ (లో): సంస్కృతం 'మధ్యే'. ప్రాకృతంలో 'మజ్ఝే' అయి, 'మాహిఁ' లాంటి రూపాల మీదుగా 'మేఁ' దగ్గర ఆగింది. తెలుగు 'మధ్య' చెక్కుచెదరకుండా ఉన్న దీని తోబుట్టువే.

పర్ (మీద): సంస్కృతం 'ఉపరి'. 'ఉపరితలం' అన్న మాటలో తెలుగువాళ్ళు రోజూ చూసేదే.

కే పాస్ (దగ్గర): 'పార్శ్వ', అంటే పక్క, పక్కటెముకల వైపు.

కే ఆగే (ముందు): 'అగ్రే', అంటే కొసన.

కే సాథ్ (తో, తోడుగా): 'సార్థ', అంటే కలిసి ప్రయాణించే వర్తకుల బిడారు. పాత కథల్లోని సార్థవాహుడు ఆ బిడారుకు నాయకుడు. ఎడ్లబండ్ల వరస అరిగి అరిగి ఒక చిన్న 'సాథ్'గా మిగిలింది.

కీ తరఫ్ (వైపు), కే బాద్ (తర్వాత): అరబ్బీ నుంచి వచ్చినవి. 'తరఫ్' తెలుగులోకీ వచ్చి ఇక్కడా విభక్తి పనే చేస్తోంది: 'రైతుల తరఫున'.

కో, సే, నే: వీటి పుట్టుక మీద పండితులకు ఏకాభిప్రాయం లేదు. 'కో' సంస్కృతం 'కక్ష' (చంక, పక్క) నుంచి వచ్చిందని జాన్ బీమ్స్ పందొమ్మిదో శతాబ్దంలో వాదించాడు. కాదు, 'కృత' నుంచి అన్నవాళ్ళూ ఉన్నారు.

చెయ్యి చేత అయింది, తోడు తో అయింది

తెలుగు వైపు వస్తే చెరిగిన గుర్తుల కథ అంతగా లేదు. అయితే మామూలు మాటలు అరిగి విభక్తులైన కథ ఇక్కడా కళ్ళముందే ఉంది. పట్టికలో అప్పజెప్పిన ముక్కల్నే ఒక్కొక్కటిగా వెలుతురులో పెట్టి చూస్తే చాలు.

'చేత' అన్నది చెయ్యి. 'రాముని చేత' అంటే మొదట రాముని చేతిలో, చేతితో అనే. హిందీలో ఇప్పటికీ 'రామ్ కే హాథ్ చిట్ఠీ భేజీ' అంటారు, రాముడి చేతికిచ్చి ఉత్తరం పంపాను అని. 'హాథ్' అన్నా చెయ్యే. రెండు వేర్వేరు కుటుంబాల భాషలు ఒకే అవయవాన్ని పట్టుకుని ఒకే పనికి పెట్టాయి.

'తో' అన్నది తోడు. తోడు, తోడ, తో అని మూడు మెట్లూ తెలుగు సాహిత్యంలో కనబడతాయి. బిడారు 'సాథ్' అయితే, వెంట వచ్చిన తోడు 'తో' అయింది.

'గురించి' అంటే గురిపెట్టి. 'ద్వితీయా విభక్తి' అని బరువైన పేరు పెట్టుకున్న ఆ మాట నిజానికి బాణం ఎక్కుపెట్టిన క్రియ. 'కూర్చి' కూర్చడం నుంచి వచ్చింది. 'పట్టి' పట్టుకోవడం నుంచి వచ్చి, ఈనాటి మాటల్లో 'దాన్ని బట్టి' అని వినిపిస్తోంది. 'మీద' వెనక 'మీదు' అన్న పేరు ఉంది. బస్సు పలక మీద 'మదనపల్లె మీదుగా' అని రాసినప్పుడు ఆ పాత పేరు తల బయటపెడుతుంది.

అన్నిటికంటే ముచ్చటైనది 'నుండి'. పాత తెలుగులో 'న' అంటే లో. 'ఇంటన్' అంటే ఇంటిలో. దానికి 'ఉండి' చేరితే ఇంటనుండి. 'ఇంట్లో ఉండి వచ్చాడు' అన్న మాట క్రమంగా 'ఇంటి నుండి వచ్చాడు' అయింది. 'ఉండి' బదులు 'ఉంచి' చేరితే 'నుంచి'. కదలికను చెప్పే విభక్తి కదలకుండా ఉండడాన్ని చెప్పే క్రియలోంచి పుట్టింది.

వెనకే ఎందుకు?

ఇప్పుడు మొదటి చిక్కు విప్పవచ్చు.

తెలుగు వాక్యంలో ముఖ్యమైనది చివర వస్తుంది. క్రియ చివర: 'అన్నం తిన్నాడు'. పేర్ల జంటలోనూ అంతే. 'ఇంటి కప్పు' అన్నప్పుడు మాట్లాడేది కప్పు గురించి, అది చివర ఉంది. ఆ కప్పు ఎవరిదో చెప్పే 'ఇంటి' ముందుంది.

ఇక చీటీగా మారబోయే మాట ఎక్కడ ఉంటుందో చూడండి. 'చెట్టు మీదు' అంటే చెట్టు పైభాగం. ఇక్కడ 'మీదు' ముఖ్యమైన పేరు, కాబట్టి చివర ఉంది. అది అరిగి 'మీద' అయినప్పుడు ఉన్నచోటే అరిగింది. అంటే చెట్టు వెనకే. క్రియల సంగతీ అంతే. 'కత్తి పట్టి' అన్నప్పుడు పట్టుకున్న వస్తువు ముందు, పట్టడం వెనక. ఆ 'పట్టి' విభక్తిగా మారితే వెనకే మిగులుతుంది. పేరు వెనక విభక్తిని ఎవరూ తెచ్చి నిలబెట్టలేదు. అక్కడే నిలబడి ఉన్న మాట పెద్దరికం పోగొట్టుకుని విభక్తి అయింది.

ఇంగ్లీషులో క్రియ ముందు, కర్మ వెనక. కాబట్టి అక్కడ అరిగిన మాటలు పేరుకు ముందే మిగిలాయి. 1963లో జోసెఫ్ గ్రీన్‌బర్గ్ 30 భాషల్ని పక్కపక్కన పెట్టి చూసినప్పుడు ఈ జత బయటపడింది. క్రియ చివర వచ్చే భాషల్లో విభక్తి లాంటి మాటలు పేరు వెనక రావడం కాకతాళీయం అనుకోలేనంత ఎక్కువ. జపాను, కొరియా, తుర్కీ భాషలు ఇలాంటివే. హిందీ క్రియ కూడా చివరే: 'రామ్ రోటీ ఖాతా హై'. అందుకే అది ఇంగ్లీషుకు చుట్టమైనా తెలుగులా నడుస్తుంది. సంస్కృతంలోనే 'రామేణ సహ' అన్నప్పుడు 'సహ' వెనక రావడానికి ఇష్టపడేది.

తప్పించుకున్న భాషలూ ఉన్నాయి. పారశీకంలో క్రియ చివర వస్తుంది గానీ చిన్న మాటలు చాలావరకు ముందు నడుస్తాయి. ఆ అలవాటు తెలుగులో కూడా కొన్ని మాటల్లో గడ్డకట్టి ఉంది. 'బేషరతు'గా, 'బేఫికరు'గా అన్నప్పుడు ముందున్న 'బే' అంటే 'లేకుండా'. షరతు లేకుండా అని తెలుగు వెనక నుంచి చెప్పేదాన్ని పారశీకం ముందే చెప్పేస్తుంది.

[బాక్స్] కుప్పం, కుప్పానికి

విభక్తి తగిలితే పేరు కూడా కొంచెం ఒదుగుతుంది. బస్సెక్కి చూస్తే మూడు ఊళ్ళలో మూడు పద్ధతులు:

మదనపల్లె – మదనపల్లెకు. పేరు మారలేదు.
పుంగనూరు – పుంగనూరికి. చివరి 'రు' కాస్తా 'రి' అయింది.
కుప్పం – కుప్పానికి. సున్న పోయి 'ఆని' వచ్చింది.

ఇంకా పాత పేర్లు మరీ మారిపోతాయి: ఇల్లు–ఇంటికి, ఏరు–ఏటికి, నోరు–నోటికి, చెయ్యి–చేతికి, పెరడు–పెరటికి. వ్యాకరణంలో వీటికి ఔపవిభక్తికాలని పేరు. తమిళంలో 'కాడు' (అడవి) 'కాట్టుక్కు' అవుతుంది. తెలుగులో అదే 'కాడు' శ్మశానమై 'కాటికి' అవుతుంది.

హిందీకీ ఈ అలవాటుంది. లడ్కా – లడ్కే కో. పాత పద్ధతిలో మాట్లాడేవాళ్ళు ఊరి పేర్లకూ పాటిస్తారు: ఆగ్రా – ఆగ్రే మేఁ, కలకత్తా – కలకత్తే మేఁ. కుప్పంలో ఉన్నవాడు 'కుప్పానికి' అన్నట్టే ఇది.

'కు' ఎప్పుడు, 'కి' ఎప్పుడు అన్నదానికి కూడా చెవి చాలు. ముందు అచ్చు 'ఇ' అయితే 'కి' వస్తుంది: ఊరికి, ఇంటికి. లేకపోతే 'కు': చెట్టుకు, సీతకు. తీరాంధ్రలో 'చెట్టుకి' అని వినిపించినంతగా రాయలసీమలో వినిపించదు.

రొట్టె తిన్నది ఎవరు?

ఇంత పోలిక ఉన్నాక తెలుగు పిల్లలకు హిందీ విభక్తులు నీళ్ళు తాగినంత సులువు కావాలి. చాలావరకు అంతే. 'మేఁ' అంటే లో, 'సే' అంటే తో లేదా నుంచి, 'పర్' అంటే మీద. మాటకు మాట పెట్టుకుంటూ పోవచ్చు. కాలు జారేది ఒక్కచోటే: 'నే'.

రామ్ రోటీ ఖాతా హై. రాముడు రొట్టె తింటాడు. ఇంతవరకూ ఇబ్బంది లేదు. దీన్ని జరిగిపోయిన పనిగా మార్చమంటే తెలుగు పిల్లవాడు 'రామ్ రోటీ ఖాయా' అని రాస్తాడు. పుస్తకంలో ఉన్నది 'రామ్ నే రోటీ ఖాయీ'. తిన్నవాడు మగవాడు, క్రియ మాత్రం ఆడ రూపంలో ఉంది. 'నే' తగిలిన మరుక్షణం క్రియ రాముణ్ణి వదిలేసి రొట్టె చెయ్యి పట్టుకుంది, ఎందుకంటే హిందీలో రోటీ స్త్రీలింగం. తిన్నది గీత అయి, తినేది మామిడిపండు అయితే మళ్ళీ తారుమారు: 'గీతా నే ఆమ్ ఖాయా'.

దీన్ని నియమంగా బట్టీపట్టిస్తే బుర్ర తిరుగుతుంది. చరిత్రగా చూస్తే పది నిమిషాల పని.

సంస్కృతం ముదిరేకొద్దీ, ప్రాకృతాల్లో మరీనూ, జరిగిపోయిన పనిని చెప్పడానికి ఒక అడ్డదారి అలవాటైంది. 'రాముడు తిన్నాడు' అనే బదులు 'రాముని చేత తినబడినది' అనడం. ఉదాహరణకు 'రామేణ రోటికా ఖాదితా' అనుకోండి. ఇందులో 'ఖాదితా' రొట్టెను వర్ణించే విశేషణం లాంటిది, కాబట్టి రొట్టె లింగమే దానికీ. తెలుగులో పెట్టి చూస్తే కిటుకు దొరుకుతుంది. 'రాముడు రొట్టె తిన్నాడు' అన్నప్పుడు క్రియ రాముణ్ణి చూస్తుంది. 'రాముడి చేత రొట్టె తినబడింది' అంటే క్రియ రొట్టెను చూస్తుంది, 'తినబడ్డాడు' అనం కదా! హిందీ వాక్యం ఈ రెండోదానికి వారసురాలు. 'ఖాదిత' కాలక్రమంలో 'ఖాయా' అయింది. 'చేత' అన్న అర్థం మరుగునపడింది. మాట్లాడేవాళ్ళకు అది మామూలు 'తిన్నాడు'గానే వినబడుతుంది. క్రియ మాత్రం పాత అలవాటు మానలేదు, ఇప్పటికీ రొట్టె వైపే చూస్తోంది.

మరి 'రామ్ గయా' అన్నప్పుడు 'నే' ఎందుకు లేదు? 'రామో గతః' అన్నప్పుడు వెళ్ళిపోయినవాడు రాముడే. చేత అనడానికి అక్కడ కర్మే లేదు.

'నే' అన్న శబ్దం ఎక్కడిదన్నది మాత్రం తేలని తగవు. 'రామేణ'లోని చివరి ముక్కే తిరగబడిందని కొందరంటారు. ఆ కొస ఎప్పుడో అరిగిపోయింది కదా, 'నే' తర్వాతెప్పుడో కొత్తగా వచ్చి చేరిన చీటీ అని మరికొందరంటారు. టెస్సిటొరి అన్న ఇటలీ పండితుడు దాన్ని 'కర్ణ', అంటే చెవి దాకా తీసుకెళ్ళాడు.

[బాక్స్] 'నే' పెట్టాలా వద్దా: నాలుగు ప్రశ్నలు

1. పని పూర్తయిందా? 'తింటున్నాడు', 'తింటాడు' అయితే 'నే' వద్దు.
2. క్రియకు కర్మ ఉందా? వెళ్ళడం, రావడం, ఏడవడం లాంటివాటికి సాధారణంగా వద్దు.
3. క్రియ లానా, భూల్నా, బోల్నాల్లో ఒకటా? ఇవి మినహాయింపులు. 'లానా' అంటే 'లే ఆనా', తీసుకుని రావడం. చివరి పని 'రావడం' కాబట్టి 'నే'కు చోటు లేదు: 'మైఁ కితాబ్ లాయా'.
4. కర్మకు 'కో' తగిలిందా? అప్పుడు క్రియ అటూ చూడదు, ఇటూ చూడదు. 'రామ్ నే రోటీ కో ఖాయా' అని పుంలింగ ఏకవచనంలో నిలిచిపోతుంది.

'నే' లేని హిందుస్తానీ

మదనపల్లె, పుంగనూరు వీధుల్లో తరతరాలుగా వినిపించే ఉర్దూకు, అంటే దక్కనీకి, ఈ తలనొప్పి లేదు. ఢిల్లీలో 'మైఁనే చాయ్ పీ' అంటే, దక్కనీలో మగవాడు 'మైఁ చాయ్ పీయా' అంటాడు. క్రియ తాగినవాణ్ణే చూస్తుంది, తెలుగు 'తాగాను' లాగే. పిల్లవాడి హిందీ పరీక్షలో ఎర్ర గీత పడే వాక్యం పక్క వీధిలో కొన్ని వందల ఏళ్ళుగా చలామణిలో ఉన్న భాష.

1327లో మహమ్మద్ బిన్ తుగ్లక్ రాజధానిని దౌలతాబాదుకు తరలించిన నాటి నుంచీ ఉత్తరాది మాట దక్కనులో వేళ్ళూనింది. బహమనీలు, కుతుబ్‌షాహీల కాలంలో సాహిత్యభాష కూడా అయింది. కడప నవాబులు, ఆ తర్వాత హైదర్ అలీ, టిప్పు సుల్తాన్ ఏలిన గుర్రంకొండ సీమలో అది తెలుగు పక్కన, ఒకే సంతలో, ఒకే బావి దగ్గర బతికింది. పక్కనే ఉన్న భాష నడక దానికి అంటుకుంది.

ఆ నడక 'నే' దగ్గర ఆగలేదు. 'వస్తానని చెప్పాడు' అన్న తెలుగు వాక్యంలో 'అని' అంటే పలికి. దక్కనీ దీన్ని అచ్చంగా తన మాటల్లో పేర్చుకుంది: 'ఆతూఁ బోల్కె బోల్యా'. 'బోల్కె' అంటే చెప్పి, అంటే 'అని'. ఢిల్లీ హిందీలో ఆ పని చేసే 'కి' వాక్యం మధ్యలో, చెప్పబోయేదానికి ముందు వస్తుంది. దక్కనీ 'బోల్కె' తెలుగు 'అని' లాగా చెప్పినదాని వెనక వచ్చి నిలబడుతుంది.

'కో', 'కు' అన్నదమ్ములేనా?

దక్కనీలో ఇంకో మాట చెవిన పడుతుంది. 'ముఝే నహీఁ చాహియే' బదులు 'మేరే కు నక్కో'. తెలుగులో 'నాకు వద్దు'. ఇక్కడ 'కు', అక్కడా 'కు'. హిందీ 'కో' కూడా దగ్గరిదే. మూడు రాష్ట్రాలు కలిసే కుప్పంలో నిలబడితే తమిళం 'క్కు' అంటుంది, కన్నడం 'గె', 'క్కె' అంటుంది. అన్నీ ఒక తల్లి పిల్లలేనా?

1856లో ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణం రాసిన రాబర్ట్ కాల్డ్వెల్‌కు ఈ పోలిక కంటబడింది. హిందీ 'కో'కు ద్రావిడ 'కు'తో సంబంధం ఉండవచ్చునని ఆయన వాదించాడు. తర్వాతి పండితుల్లో ఎక్కువమంది అంగీకరించలేదు. తెలుగు, తమిళ, కన్నడ రూపాలు నిజంగానే తోబుట్టువులు, మూల ద్రావిడం నుంచి దిగివచ్చినవి. హిందీ 'కో' వెనక మాత్రం 'కహుఁ' లాంటి పాత రూపాలు ఉన్నాయి, అవి వేరే దారి చూపిస్తాయి. ఇద్దరు అపరిచితుల ముఖాలు కలిసినట్టు శబ్దాలు కలిశాయి.

శబ్దం చుట్టరికం కాకపోయినా, వాడకం మాత్రం చుట్టరికమే. 'నాకు ఆకలవుతా ఉంది' అంటుంది తెలుగు. 'ముఝే భూఖ్ లగీ హై' అంటుంది హిందీ. రెండింట్లోనూ ఆకలి వచ్చి మనిషికి తగులుతుంది. ఇంగ్లీషువాడు మాత్రం 'నేను ఆకలిగా ఉన్నాను' అన్న పద్ధతిలో చెబుతాడు. ఇలాంటి ఉమ్మడి అలవాట్లను పోగేసి, కుటుంబాలు వేరైనా భారతదేశం ఒకే భాషా మండలమని ముర్రే ఎమెనో 1956లో ప్రతిపాదించాడు. నాకు తెలుసు, నాకు జ్వరం, నాకు ఇష్టం అని తెలుగులో ఎన్ని 'నాకు'లు ఉన్నాయో, హిందీలో దాదాపు అన్ని 'ముఝే'లు దొరుకుతాయి.

చుట్టరికం నిజంగా ఉండీ కనబడని చోట్లూ ఉన్నాయి. తెలుగు 'లో', తమిళ 'ఉళ్ళే' ఒకే మాట అంటే కుప్పంలో రెండూ మాట్లాడేవాళ్ళు కూడా వెంటనే నమ్మరు. తమిళ 'అవన్' తెలుగులో 'వాడు' అయినట్టు, 'ఇరండు' 'రెండు' అయినట్టు, 'ఉళ్' ముందున్న అచ్చు వెనక్కి దొర్లి 'లో' అయింది. భద్రిరాజు కృష్ణమూర్తి లాంటివారు జీవితకాలం పెట్టి పరిశోధించిన మార్పుల్లో ఇదొకటి.

అరుగుదల ఆగలేదు

విభక్తులు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి కూడా. 'బావిలో' ఉన్నది బయటికి వస్తే 'బావిలో నుంచి'. హిందీలో 'కుఏఁ మేఁ సే', లో పక్కన నుంచి, అదే వరస. తెలుగు నోరు అక్కడితో ఊరుకోక 'బావిలోంచి' అని కుదించింది. 'లోంచి' ఇప్పుడు ఒకే ముక్కలా వినిపిస్తుంది. పాత పట్టికలో దానికి చోటు లేదు.

పుస్తకాల్లో 'దగ్గర' ఉన్నచోట ఈ సీమలో 'కాడ' ఉంది. కాడ అంటే చోటు. 'ఇంటికాడ', 'చెట్టుకాడ', 'బస్టాండుకాడ' అని పేరుకు అతుక్కునే పలుకుతారు. దానికి 'నుంచి' తగిలితే 'కాణ్ణుంచి'. చోటు, లో, ఉంచి అన్న మూడు పాత మాటలు అందులో మడతపడి ఉన్నాయి.

కురబలకోటలో బస్సెక్కిన మనిషిని కండక్టరు టికెట్ల మిషను సరిచేసుకుంటూ 'యాడ్నుంచి యాడికి?' అని అడుగుతాడు. రాతలో పెడితే అది 'ఎక్కడ నుండి ఎక్కడకు'. ఆ 'ఎక్కడ'ను విప్పితే 'ఏ కడ', అంటే ఏ చోటు. 'నుండి'ని విప్పితే ఒక 'న', ఒక 'ఉండి'. మిగిలింది ఒక 'కు', అది ద్రావిడ భాషలంత పాతది. అయిదు మాటలు అరిగి రెండయ్యాయి. ఎక్కినతను జేబులోంచి నోటు తీసి 'మదనపల్లెకు' అంటాడు.